ట్యూబు ఉండగా టార్చి ఎందుకు?

కారు లోపలికి వాన నీళ్లు వస్తున్నాయంటే మన దగ్గర మందు ఒక్కటే: సిలికాన్ ట్యూబు. ముందు సీటు కింద మడుగు కట్టినా, డిక్కీలో స్టెప్నీ గుంట నిండినా, నెత్తిమీది లైటులోంచి బొట్టు బొట్టుగా రాలినా మందు మారదు. రోగం ఎక్కడుందో చూడక్కర్లేదు. రోగి చేత నోరు తెరిపించక్కర్లేదు. “ఏం కాదన్నా, సిలికాన్ కొట్టేద్దాం” అనగానే వైద్యం మొదలవుతుంది. “ఎక్కడ కొడతావు తమ్మీ?” అని అడిగే అమాయకుడు ఎవడైనా ఉంటే జవాబు సిద్ధం: “చుట్టూ.” చుట్టూ కొడితే ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని ధీమా.

మృగశిర కార్తెతో ఈ సీజను మొదలవుతుంది. ఆరుద్ర వచ్చేసరికి షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. ట్యూబు, దాన్ని నొక్కే గన్ను, అంచు సాపు చెయ్యడానికి ఒక బొటనవేలు. ఇంతకుమించి పనిముట్లు కనబడవు. చీకటి మూలల్లోకి చూడాలంటే టార్చి కావాలి, కార్పెట్ ఎత్తాలంటే స్క్రూడ్రైవరు కావాలి. ట్యూబుకు అవేవీ అక్కర్లేదు.

టై కట్టుకున్న సర్వీస్ సెంటర్లలో మర్యాద ఎక్కువ. అక్కడి అడ్వైజరు మీ మాటంతా శ్రద్ధగా విని, ట్యాబ్‌లో జాబ్ కార్డు రాసుకుని, “వర్షాకాలంలో ఇది కామన్ సార్” అంటాడు. తరవాత కారును వాటర్ సర్వీసింగ్‌కి తోలి, పైనుంచి ప్రెషర్ గన్నుతో రెండు నిమిషాలు కొట్టించి, తలుపు తీసి చూసి, “లీకేజీ కనబడలేదు” అని రాసేస్తాడు. రాత్రంతా ముసురు పట్టినప్పుడు, కారు ఏటవాలు వీధిలో ముక్కు పైకెత్తి నిలబడి ఉన్నప్పుడు వచ్చే నీరు, చదునైన సిమెంటు నేల మీద రెండు నిమిషాల్లో హాజరు వేయించుకోవాలట. హాజరు కాకపోతే ఆ నీరే లేదు. మీరే కాళ్లు కడుక్కుని ఎక్కి ఉంటారు.

అయితే “ఏ కారులోకైనా నీళ్లొస్తాయి సార్” అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. కారు గీసిన ఇంజనీరుకు ఆ సంగతి అందరికన్నా ముందే తెలుసు. లెక్క చూడండి. నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న కారు మీద 5 సెంటీమీటర్ల వాన కురిస్తే పడే నీళ్లు దాదాపు 340 లీటర్లు. ఇరవై బిందెలకు తక్కువుండవు. ఇన్ని నీళ్లనూ రబ్బరు బీడింగుతో అడ్డుకోవాలని ఏ ఇంజనీరూ కలగనలేదు. కొంత ఆపాడు, తక్కినదాన్ని లోపలి కాలవల్లోకి రానిచ్చి మరో దారిన బయటికి పంపాడు. నీళ్లు మన కాళ్ల దగ్గరికి వచ్చాయంటే ఆ దారుల్లో ఒకటి మూసుకుపోయిందన్నా అనుకోవాలి, ఎవరో చెడగొట్టారన్నా అనుకోవాలి. మన చికిత్స ఏమిటంటే, మిగిలిన దారులు కూడా మూసెయ్యడం.

తలుపు సంగతే తీసుకోండి. అద్దం కిందికి దిగే చోట ఉండే రబ్బరు పట్టీ నీటిని పూర్తిగా ఆపదు. అద్దం మీది నీరు తలుపు డొల్లలోకి దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీద పడుతుంది. ఆ తడి మన వైపు రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటో, ఫోమ్ షీటో జిగురుతో అంటించి ఉంటుంది. పవర్ విండో పాడైందనో, ఉన్న స్పీకరు చాలక వీధి దద్దరిల్లే స్పీకరు పెట్టాలనో ప్యాడు విప్పినప్పుడు ముందుగా చిరిగేది అదే. తిరిగి అంటించే ఓపిక తక్కువమందికి ఉంటుంది. దాన్ని కంపెనీవాళ్లు తియ్యడం మర్చిపోయిన ప్యాకింగ్ కవరుగా భావించి పీకి పారేసే మేధావులూ ఉన్నారు. వానలు రాగానే తలుపులోని నీరు గడప మీదుగా కార్పెట్ కిందికి చేరుతుంది. అప్పుడు ట్యూబు బయటికొస్తుంది. ఎక్కడ కొడతారు? తలుపు అడుగున, సరిగ్గా నీళ్లు పోయే రంధ్రాల మీద. ఇక ఆ తలుపు తీసినప్పుడల్లా గళగళమంటుంది, లోపల్నుంచి తుప్పు తింటుంది. పనికి గ్యారంటీ మాత్రం ఖాయం. నీళ్లు ఇక ఎటూ పోవు.

వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, దాని అడుగున ఒక కాలవ. ముందద్దం మీది నీరు అందులోకి దిగి పక్కలనుంచి కిందికి పోతుంది. ఏసీ బయటి గాలి పీల్చుకునేదీ అక్కడే. మనమేమో నీడ కోసం కారును వేపచెట్టు కిందో, తురాయి చెట్టు కిందో పెడతాం. వేసవంతా రాలిన ఆకులు, పూరేకులు, దుమ్ము కలిసి ఆ కాలవలో ఎరువవుతాయి. మొదటి పెద్దవానకు కాలవ నిండి, గాలి పోవాల్సిన దారిన నీళ్లు పోయి, చాలా కార్లలో ఎడమ సీటువాళ్ల కాళ్ల దగ్గర దిగుతాయి. దీనికి వైద్యం, చెయ్యి పెట్టి ఆకులు తీసెయ్యడం. అంత తేలిక పని ఎవరూ చెయ్యరు. ఆకులు తీసినందుకు బిల్లులో రాయడానికి పార్టు నంబరు లేదు కదా. బదులుగా ముందద్దం చుట్టూ సిలికాన్ కొట్టి పంపుతారు.

ముందద్దానికి పూత పూసే అలవాటుకు ఒక గౌరవనీయమైన చరిత్ర ఉంది. అంబాసిడర్ కాలంలో అద్దాన్ని రబ్బరు చట్రంలో బిగించేవారు. రబ్బరు ఎండి సందు ఏర్పడితే అక్కడ ఏదో ఒకటి పూసి ఆపడం తెలివైన పనే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, ఆ వైద్యం మాత్రం ఆగలేదు. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయూరిథేన్ జిగురుతో బాడీకే అతికిస్తారు. ఆ అతుకు కారు గట్టిదనంలో కూడా భాగం. రాయి తగిలి అద్దం మార్చినప్పుడు ప్రైమరు సరిగా పూయకపోయినా, జిగురు మధ్యలో తెగినా మూలన సందు మిగిలిపోతుంది. దానికి మందు అద్దం ఊడదీసి మళ్లీ సవ్యంగా అతికించడమే. పైన పూసిన సిలికాన్‌కు లోపలి సందు అందదు. పైగా, బజారులో దొరికే మామూలు రకం ఆరేటప్పుడు ముక్కుకు తగిలే పుల్లటి వాసన ఎసిటిక్ ఆమ్లానిది. గీత పడిన రేకు మీద అది తుప్పుకు తోడ్పడుతుంది. సిలికాన్ అంటిన చోట పెయింటు పట్టదు, అసలైన జిగురూ పట్టదు. అంటే ఇవాళ పూసినవాడు రేపు సరిగా చెయ్యబోయేవాడి చేతులు కూడా కట్టేసి పోతాడు.

ఇక సన్‌రూఫ్. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరుగుతూ నెత్తిమీద గాజు కిటికీ కోసం అదనంగా డబ్బు పోసే రసికులం మనం. అది తెరుచుకునేది పెళ్లి ఊరేగింపులో వరుడు చేతులూపడానికో, పిల్లలు తల బయటపెట్టి కేకలెయ్యడానికో. రెండోది ప్రాణాల మీదికి తెచ్చే సరదా అని ఎవరు చెప్పినా వినం. అమ్మేవాడు పనోరమిక్ అంటాడు గానీ గొట్టాల ఊసెత్తడు. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు దాటి కొంత నీరు రావడం మామూలే. ఆ నీటిని పట్టడానికి కింద పళ్లెం లాంటి ఏర్పాటు, దాని మూలలనుంచి స్తంభాల లోపలగా దిగే సన్నటి గొట్టాలు ఉంటాయి. చాలా కార్లలో నాలుగు. అందులో దుమ్ము పేరుకుంటే పళ్లెం నిండుతుంది. అప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా ముందు కూర్చున్నవాళ్లకు చన్నీళ్ల అభిషేకం.

దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. పళ్లెంలో ఒక గ్లాసుడు నీళ్లు మెల్లగా పోసి, అవి కారు కిందనుంచి వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే మెత్తటి నైలాన్ తీగను నెమ్మదిగా గొట్టంలోకి పంపాలి. మన షెడ్లలో ఇంత మెతకదనం చెల్లదు. టైర్లకు గాలికొట్టే కంప్రెషరు పైపు గొట్టంలో పెట్టి ఒక్క ఊపు ఊదుతారు. ఎక్కడో స్తంభం లోపల జాయింటు ఊడుతుంది, అంతవరకు పళ్లెంలో నిలిచిన నీరు ఇక తిన్నగా కార్పెట్‌లోకి దారి చూసుకుంటుంది. అదీ కుదరకపోతే సన్‌రూఫ్ చుట్టూ ట్యూబు ఖాళీ చేసి దాన్ని శాశ్వతంగా మూసేస్తారు. అదనంగా డబ్బు పోసి కొన్న కిటికీ, ఇంకాస్త డబ్బు పోసి గోడ చేయించుకున్నట్టు.

అసలు అది వాన నీరేనా అని అడిగే ఆచారం కూడా పోయింది. వాన లేని రోజున, ఏసీ వేసుకుని తిరిగాక తడి కనబడితే, ఆ నీటికి రంగూ వాసనా లేకపోతే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిందని అనుమానించాలి. జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంటు, హీటరు దగ్గర కారుతోందన్నమాట. సిలికాన్ భక్తుల దృష్టిలో ఇవన్నీ ఒకే గంగ.

ఇంతకన్నా సాహసులు ఉన్నారు. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తే ఏం, పోతే చాలు కదా అని ఫ్లోరులోని రబ్బరు బిరడాలు పీకేస్తారు. బిరడా చేతికి తగలకపోతే డ్రిల్లింగ్ మిషనుతో కొత్త రంధ్రం పెట్టేవాళ్లూ లేకపోలేదు. రోడ్డు మీద మోకాటిలోతు నీళ్లున్న రోజున ఆ రంధ్రం తన రెండో ప్రయోజనాన్ని చూపిస్తుంది.

ఓనర్లమూ తక్కువ తినలేదు. తడి కార్పెట్ మీద పాత పేపర్లు పరుస్తాం. వాసన వస్తే మల్లెపూల సెంటు సీసా వేలాడదీస్తాం. ఆదివారం తలుపులు బార్లా తీసి ఎండబెడతాం. కార్పెట్ పైపొర ఆరిపోతుంది. దాని కింది ఫోమ్ మాత్రం పీల్చిన నీటిని వారాల తరబడి వదలదు. ఆ ఫోమ్ పక్కనే వైర్ల కట్టలుంటాయి. కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్లు కూడా సీటు కిందో, కార్పెట్ కిందో ఉంటాయి. కొన్నాళ్లకు తలుపు తాళాలు వాటంతటవే పడతాయి, డాష్‌బోర్డు మీద లేని రోగాల లైట్లు వెలుగుతాయి. అప్పుడు ఆ రోగాలకు వేరే బిల్లు. బీమా ఉందిగా అనుకుంటారేమో, అరుగుదలనూ తరుగుదలనూ మామూలు పాలసీ భరించదు.

నిజానికి లీకు పట్టుకోవడానికి మహావిద్య అక్కర్లేదు, క్రమం కావాలి. మొదట కార్పెట్ ఎత్తి, ఫోమ్ బయటికి తీసి ఆరబెట్టాలి. సీట్లు విప్పాల్సివస్తే ఎయిర్‌బ్యాగు వైర్లుంటాయి గనక ముందు బ్యాటరీ తీసెయ్యాలి. అనుమానమున్న చోటల్లా పొడి టిష్యూ కాగితాలు పెట్టి, ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి. ఇంకొకరు మామూలు తోట పైపుతో, ప్రెషర్ లేకుండా, కింది భాగంనుంచి మొదలుపెట్టి ఒక్కోచోట కొన్ని నిమిషాలపాటు పారిస్తూ పైకి రావాలి. మొదటే పైనుంచి కుమ్మరిస్తే ఏ సందు తప్పో తేలదు. బీడింగు మీద అనుమానముంటే తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారివస్తే అక్కడ రబ్బరు వదులైనట్టే. కొత్తగా ఫాగ్ ల్యాంపులో, ఆంప్లిఫయరో బిగించి ఉంటే, దాని వైరు కోసం రేకుకు పెట్టిన రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో చూడండి. తడి కనబడిన చోటే లీకు ఉందనుకోకూడదు. నీరు రేకు మడతల వెంట దూరం నడిచి, పల్లం దొరికిన చోట బయటపడుతుంది.

“ఇంత చేసే టైము ఎవరికుంది సార్?” అని షెడ్డువాళ్లు అంటారు. వాళ్ల మాటలో న్యాయముంది, ఎందుకంటే ఆ టైముకు మనం డబ్బివ్వం. పార్టు మారిస్తే కిక్కురుమనకుండా ఇస్తాం. ట్యూబు ఖాళీ చేస్తే అదైనా కళ్లకు కనబడుతుంది గనక ఇస్తాం. ఒక మనిషి సగం పూట టార్చి పట్టుకుని వెతికి, గుప్పెడు ఆకులు తీసి, “అయిపోయిందండీ” అంటే మాత్రం “ఏం చేశావని ఇంత?” అని బేరానికి దిగుతాం. వెతికేవాడికి పస్తు, పూసేవాడికి విందు పెడుతున్నది మనమే. అలాంటప్పుడు ఏ బజారులోనైనా పూసేవాళ్లే మిగులుతారు.

అందుకని పాఠక మహాశయా, ఈసారి కారులో తడి కనబడితే షెడ్డులో ముందే ఒక మాట చెప్పండి: వెతికినందుకు కూలి వేరేగా ఇస్తాను, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వేలు పెట్టి చూపించు. చూపించేదాకా ట్యూబు మూత తియ్యనివ్వకండి. చూపించాక మాత్రం బేరమాడకండి.