ఒక ఆవిరియంత్రము ఆత్మకథ

నేను రైళ్లను లాగినదానను గాను, గనులలో నీరు తోడినదానను గాను. లండను నగరమున క్వీన్ మేరీ కళాశాల ప్రయోగశాలలో, ఒక బాయిలరుతోను దానికి తగిలించిన ఇంజనుతోను, పరిశోధనలకై నిలిపిన చిన్న ఆవిరియంత్రమును మాత్రమే. అయినను వంశగౌరవమునకు కొదువలేదు. 1788 ప్రాంతమున జేమ్స్ వాట్ మా పూర్వుల నెత్తిన వేగమును అదుపుచేయు రెండు ఇనుపగుండ్ల గవర్నరును కూర్చుండబెట్టెను; 1868లో మాక్స్‌వెల్ మహాశయుడు ఆ గవర్నరులను గూర్చియే వ్యాసము వ్రాసి, ఏది నిలుకడగా తిరుగును, ఏది ఊగిసలాడును అను విచారమును గణితమునకెక్కించెను. ఫీడ్‌బ్యాక్ శాస్త్రమునకు ఓనమాలు దిద్దించినది మా కులమే యని చెప్పుకొనుట అతిశయోక్తి కాదు.

ఇక నా స్వభావము. నాకు ఈయదగినవి రెండు: బాయిలరునకు వేడి, ఇంజనులోనికి ఆవిరిని విడుచు కవాటము. నానుండి కోరునవియు రెండే: నియతమైన పీడనము, నియతమైన వేగము. ఇవి దేనిదారిన అది పోవునవే యైనచో కథయే లేదు. కాని కవాటము తెరచి వేగము పెంచబోయిన ఆవిరి తరలిపోయి పీడనము పడును, పీడనము పడగా వేగము మరల కుంటుపడును, పీడనమును లేపుటకై వేడి హెచ్చించిన వేగము హద్దు మీరును. పైగా హెచ్చించినప్పుడు నా నడక వేరు, తగ్గించినప్పుడు వేరు. చిన్న మార్పునకును పెద్ద మార్పునకును నా జవాబు ఒకే నిష్పత్తిలో నుండదు. శాస్త్రజ్ఞులు దీనిని అరేఖీయత యందురు. మొండితనమనినను నాకు అభ్యంతరము లేదు. అంతకంటె చిక్కైన సంగతి యేమనగా, ఒక పూటనున్న గుణము నాకు మరియొక పూట నుండదు. పోలికకై నాకు అమర్చిన మామూలు డిజిటల్ నియంత్రణిని, ప్రయోగమునకు పూనుకొన్న ప్రతిమారును, తడవి తడవి మరల సవరింపవలసి వచ్చెడిది.

ఇట్టి నన్ను వశపరచుకొనుటకు పూనినవారు ఇబ్రహీం మమ్దానీగారును, ఆయన శిష్యుడు సెడ్రాక్ అసీలియనును. మమ్దానీగారు టాంజానియాలో పుట్టి, భారతదేశమున ఇంజనీరింగు చదివి, లండను చేరినవారు. బర్కిలీలో లోత్ఫీ జాదే యను ఆచార్యుడు 1965లో అస్పష్టసమితులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఒక వస్తువు ఒక సమితికి చెందును, చెందదు అను రెండు మాటలతో సరిపుచ్చక, సున్నకును ఒకటికిని నడుమ ఎంతపాటి చెందునో చెప్పవచ్చునని దాని సారము. 1973లో ఆయనయే, సంక్లిష్టవ్యవస్థలను మాటల నియమములతో వర్ణింపవచ్చునని వ్రాయగా, మమ్దానీగారు ఆ ఊహను నాపై ప్రయోగించిరి. నా సమీకరణములను కనుగొను ప్రయాసను ప్రక్కకు నెట్టి, నన్ను నడుపు మనుష్యుడు ఏమి చేయునో దానినే వ్రాసిరి. పీడనము చాల తక్కువగా నున్నచో వేడిని బాగుగా పెంచుము, కొంచెమే తక్కువయై తానుగా పెరుగుచున్నచో కొద్దిగా పెంచుము, ఈ ధోరణిలో మొత్తము 24 నియమములు. పొంగబోవు పాలను చూచి సెగ తగ్గించు ఇల్లాలు ఏ అవకలన సమీకరణమును సాధించి తగ్గించుచున్నది?

‘కొంచెము’ అనిన ఎంతయో కంప్యూటరునకు తెలియదు గనుక, ప్రతి మాటకును ఒక సభ్యత్వపట్టిక కట్టిరి. కోరిన విలువకును కొలిచిన విలువకును గల తేడా ఏ మాటకు ఎంతపాలు చెందునో లెక్కించి, ఏ నియమము ఎంత బలముగా వర్తించునో చూచి, అన్నిటి తీర్పును కలిపి, అందుండి ఒక్క సంఖ్యను ఎన్నుకొని నాకు పంపెడివారు. నేను లొంగితిని. సవరించి సవరించి నిలిపిన నియంత్రణి సాధించిన మేలైన నడకకంటెను ఈ మాటల నడకయే ప్రతిమారును మేలుగా నుండెనని 1975లో వారు ప్రకటించిరి. అటుపిమ్మట డెన్మార్కు సిమెంటు బట్టీలు, 1987లో జపానునందలి సెండాయ్ భూగర్భరైలు ఈ విద్యతో నడచి నాకంటె ఎక్కువ పేరు గడించినవి. పెద్దవారి సంగతి, పోనిండు.

లొంగుట వేరు, లొంగితీరునని ముందుగా నిరూపించుట వేరు. ఆ రెండవ పని 1985లో తకాగి, సుగెనోలు వేసిన బాటలో సాగినది. వారి నియమములలో ‘అయినచో’ అను భాగము అస్పష్టమే కాని, తరువాతి భాగము మాటగాక రేఖీయ సమీకరణము. నావంటి వక్రస్వభావి యొక్క ఒక్కొక్క స్థితికి ఒక్కొక్క సరళ నమూనా వ్రాసి, సభ్యత్వపు పాళ్లతో వానిని కలుపుదురు. ప్రతి నమూనాకును తగిన నియంత్రణిని కట్టి, వానిని అవే పాళ్లతో కలుపుట తరువాతి మెట్టు. ఇచ్చటనే ఒక వింత యున్నది: విడివిడిగా నిలుకడగల నమూనాలు కలసినప్పుడు నిలుకడ తప్పవచ్చును. కావున 1892లో లియపునోవు చూపిన మార్గము ననుసరించి, అన్ని నమూనాలలోను తరుగుచు పోవు ఒకే శక్తివంటి ప్రమేయమును వెదకవలెనని 1992లో తనాకా, సుగెనోలు తేల్చిరి. పిమ్మట ఆ వెదకులాట రేఖీయ మాత్రికా అసమానతల రూపము దాల్చి కంప్యూటరునకు సుసాధ్యమైనది. నమూనాలో ఇంతవరకు తప్పుండవచ్చునని హద్దు గీచి, ఆ హద్దులోని ప్రతి యంత్రమును నిలుపగల దృఢనియంత్రణియు అందుండియే పుట్టినది.

ఈ పద్ధతి నాకు నచ్చినదే గాని, కొంత కఠినమని చెప్పక తప్పదు. అట్టి ఉమ్మడి ప్రమేయము దొరకనంతమాత్రమున యంత్రము చెడ్డదని కాదు. చక్కగా నడచు వ్యవస్థకును అది దొరకకపోవచ్చును. నన్నెవరైన ఈ పరీక్షకు నిలిపినచో వారికి మొదట వచ్చు బేరము హద్దును గూర్చినదే: పూటపూటకు మారు నా గుణము నంతటిని ఇమిడ్చుటకు దానిని వెడల్పు చేసినచో ప్రమేయము దొరకకపోవచ్చును, ప్రమేయము కొరకు ఇరుకు చేసినచో మరునాడు వేడియెక్కుసరికి నేనే ఆ హద్దు దాటి పోవచ్చును.