కాపీ కొట్టు, సింక్ పెట్టు

ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల ప్లాంటు పెట్టినవాళ్ళు ముందు ఐసు గురించి, ఆ తర్వాత కరెంటు గురించి బెంగపడేవారు. ప్లాంటు పనంతా కంప్యూటర్‌లో పెట్టే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ రెండింటికీ తీరిక చిక్కడం లేదు.

వెనామీ రొయ్య దారి చిన్నదే. కడగడం, తల తీయడం, కౌంట్ వేరుచేయడం, పెంకూ నరమూ తీయడం, సోకింగ్, ఫ్రీజింగ్, గ్లేజింగ్, ప్యాకింగ్. దేని తర్వాత ఏది, ఏ టేబుల్ మీద, ఎంతసేపు అన్నదే రూటింగ్. టేబుల్ దగ్గర నిలబడే ఆడవాళ్ళకి ఇది కంఠతా వచ్చు. కంప్యూటర్‌కి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 26/30 కౌంట్‌కి ఒక కోడ్, 31/40కి ఇంకోటి. కిలో సంచికి ఒకటి, రెండు కిలోలకి మరోటి. ఎనిమిది సైజులు, మూడు రకాల సంచులు, నలుగురు బయ్యర్లు అనుకోండి, 96 రూటింగులు! సంచి మారినంత మాత్రాన రొయ్య మారదుగా? అయినా ముందున్న ఏడు దశలూ పొల్లుపోకుండా కాపీ.

ఒక బయ్యర్ సోకింగ్‌లో ఫాస్ఫేట్ వద్దన్నాడు. అతని 24 రూటింగులూ దిద్దాలి. కిలో సంచిది దిద్ది, రెండు కిలోలది మరిచారు. లేబుల్ మీద లేని ఫాస్ఫేట్ లోపల ఉంటే తిరిగొచ్చేది కంటైనరే కానీ ఈఆర్పీ కన్సల్టెంట్ కాదు.

ఆయన దగ్గర మందు ఉంది: సింక్. రాత్రి బటన్ నొక్కితే తెల్లారేసరికి అన్నీ ఒకటవుతాయట. ఏది చూసి ఏది మారాలి? ఆఖరున ఎవరు సేవ్ చేస్తే అదే వేదం. అంటే ఒకచోట ఉన్న తప్పు తెల్లారేసరికి 24 చోట్లా సమానంగా పంపకమవుతుంది. సింక్ సరిగ్గా జరిగిందో లేదో చూడ్డానికి ఒక ఎక్సెల్ షీటు. అది ఇంకో కాపీ. ఆ షీటు చూడ్డానికి ఒక కుర్రాడు.

ఒకే సంగతి పలుచోట్ల దాస్తే పొంతన చెడే ముప్పుందని ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లోనే రాశాడు. శాప్ అనే ఈఆర్పీలో ఒకే రూటింగ్‌కి ఎన్నో మెటీరియల్స్ తగిలించే వీలూ ఉంది. ప్యాకింగ్‌కి ముందున్న ఒక్కో రకం సరుక్కి ఒక కోడ్ ఇచ్చి, ఏడు దశలూ అక్కడే ఒక్కసారి రాసి, సంచికి ప్యాకింగ్ దశ మాత్రం మిగిలిస్తే సింక్ చేయడానికేమీ మిగలదు. బిల్లు వేయడానికీ మిగలదు. అసలు చిక్కు అక్కడే.

కాబట్టి ఓనర్లకో మనవి. సింక్ బటన్‌కి డబ్బు కట్టేముందు, దాని పక్కనున్న కాపీ బటన్ ఎవరు పెట్టారో అడగండి. ఇద్దరూ ఒకరే అయితే బేరం ఆడండి.