బేస్‌బాల్ క్యాంపు లేఖకు టీకా తాత్పర్యం

మూలం: “ప్రియమైన ఆటగాడా! నీ ఆటను మేం గమనిస్తూ వస్తున్నాం. వచ్చే నెల మా క్యాంపులో నిన్ను చూడాలని మా కోచ్‌లందరూ ఎదురుచూస్తున్నారు. చోట్లు పరిమితం. వెంటనే నమోదు చేసుకో.”

అవతారిక. అమెరికాలో హైస్కూలు బేస్‌బాల్ ఆడే కుర్రవాడికి తొమ్మిదో తరగతి నుంచే ఈమెయిల్లో కురిసే లేఖల సారం ఇది. ఇక్కడ పెట్టినది ఏ ఒక్క కాలేజీ ప్రతీ కాదు. కాలేజీ మారినా పాఠభేదాలు స్వల్పమే. సంబోధన కొడుక్కి, ఫలశ్రుతి తండ్రి క్రెడిట్ కార్డుకి. మన మెదక్ సీమవాడైన కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ లేఖ అందుకున్న తల్లిదండ్రులు మాత్రం మూలంలో లేనిదే ముందు చదువుతారు: “మావాణ్ణి కాలేజీ పిలిచింది” అని. ఆ వాక్యం మూలంలో ఏ పదానికీ అర్థం కాదని చూపడమే ఈ టీక పని.

ప్రతిపదార్థం. ప్రియమైన ఆటగాడా: పేరు ఉన్నా లేకపోయినా ఫలం ఒకటే, ఎందుకంటే పేర్ల పట్టికలోంచి పేరు తెచ్చి అతికించేది కంప్యూటరు. గమనిస్తూ వస్తున్నాం: క్రియ ఉంది గాని ఎవరు, ఎక్కడ, ఏ రోజు అన్నవి లేవు. నిజంగా చూసిన కోచ్ ఇలా రాయడు. ఫలానా టోర్నమెంటులో, ఫలానా ఇన్నింగ్స్‌లో, రెండు స్ట్రైకులు పడ్డాక నువ్వు వేసిన కర్వ్‌బాల్ అని రాస్తాడు. మా క్యాంపులో: టీక అంతా ఈ పదం మీదే నిలబడాలి. కాలేజీలు నడిపే క్రీడా శిబిరాలు వయసు, తరగతి, సంఖ్య వంటి పరిమితులకు లోబడి, వచ్చిన వారందరికీ తెరిచి ఉండాలన్నది కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నియమం. అందరికీ తెరిచిన తలుపు దగ్గర నిలబడి “రండి” అనడం మర్యాదే గాని ఎంపిక కాదు. నమోదు చేసుకో: రుసుము కట్టు అని భావం. ఈ రుసుము వెనక ఒక చరిత్ర ఉంది. 2023 జూలై దాకా, కాలేజీ ఆటల్లో పై అంతస్తయిన డివిజన్-1 బేస్‌బాల్ జట్లలో ఒక సహాయ కోచ్‌కి కాలేజీ జీతం ఇవ్వకూడదన్న నియమం ఉండేది. ‘వాలంటీర్’ అనే బిరుదు మాత్రం ఉండేది. అలాంటివారి ఇల్లు గడవడానికి పెద్ద ఆధారం క్యాంపులూ ప్రైవేటు పాఠాలూను. ఆ నియమం పోయింది గాని క్యాంపుల అలవాటు పోలేదు. ఇందులో మోసమేమీ లేదు. క్యాంపులో కుర్రాళ్లు నేర్చుకునేదీ ఉంటుంది. రుసుము కట్టించుకునే పాఠాన్ని ప్రేమలేఖగా చదవడమే మన తప్పు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. “పదకొండో తరగతి మొదలవబోయే ఏడాది ఆగస్టు 1 దాకా డివిజన్-1 కోచ్‌లు పిల్లలతో చేర్చుకునే మాటలేవీ మాట్లాడకూడదని 2023లోనే నియమం వచ్చింది కదా. ఆలోగా పంపడానికి అనుమతి ఉన్నవి క్యాంపు కరపత్రాలు, ప్రశ్నావళుల వంటివే. నోరు కట్టేసిన కోచ్ మనసులో మాట క్యాంపు పిలుపుగా బయటికొచ్చింది. ఇది లక్ష్యార్థం!” వాదం ముచ్చటగా ఉంది, కాని శాస్త్రం ఒప్పుకోదు. లక్షణ పుట్టాలంటే ముఖ్యార్థానికి బాధ కలగాలి. గంగలో పల్లె ఉందంటే గట్టున అని చెప్పుకుంటాం, నీళ్లలో ఇళ్లు నిలవవు కనుక. ఈ లేఖలో బాధ ఎక్కడుంది? క్యాంపు ఉంది, తేదీ ఉంది, రుసుము ఉంది, రమ్మన్నారు. వాచ్యార్థం నిక్షేపంగా నిలిచినచోట దాని కింద ఇంకో అర్థం తవ్వనక్కర్లేదు. పైగా పూర్వపక్షి చూపిన ఆగస్టు 1 అతని మీదికే తిరుగుతుంది. ఆ తేదీ దాటాక నియమం కట్టిన నోరు విప్పుకుంటుంది. అప్పుడు ఫోను మోగి, పేరున్న కోచ్ మార్కుల గురించీ వేసవి ఆటల షెడ్యూలు గురించీ అడిగితే అది పిలుపు. అప్పుడూ క్యాంపు కరపత్రమే వచ్చిందంటే, ఆ కాలేజీ చెప్పదలచుకున్నది అంతే.

చోట్లు పరిమితం: ఈ లేఖలో అక్షరాలా నిజమైన మాట ఇదే. అయితే ఆ నిజం క్యాంపు కన్నా జట్టుకే ఎక్కువ వర్తిస్తుంది. చాలా ఏళ్లపాటు డివిజన్-1 జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటిని ముక్కలు చేసి 27 మంది దాకా పంచేవారు. పూర్తి ఉచితం అనే మాట బేస్‌బాల్‌లో ఎందుకు అరుదో ఆ లెక్కే చెబుతుంది. 2025 జూన్‌లో ఆటగాళ్ల దావాలో కోర్టు ఆమోదించిన ‘హౌస్’ ఒప్పందంతో స్కాలర్‌షిప్‌ల పైపరిమితి పోయింది. దానికి బదులు, ఒప్పందంలో చేరిన కాలేజీల జట్టుకు 34 మందే అన్న గీత పడింది. ఎందరికి డబ్బివ్వాలన్నది కాలేజీ ఇష్టం. గీత దాటి కొత్తవాళ్లను చేర్చుకోవడం మాత్రం ఆ కాలేజీల ఇష్టం కాదు. ఆ 34 చోట్లకూ పోటీ హైస్కూలు పిల్లల మధ్యనే అనుకుంటే పొరపాటు. 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ఇరవై రెండేళ్లవాడూ కాలేజీ మారి రావచ్చు. వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే మేజర్ లీగ్ డ్రాఫ్టు 40 రౌండ్ల నుంచి 2021కల్లా 20కి తగ్గింది. వెనకటి రోజుల్లో వృత్తి ఆటకు వెళ్లిపోయేవాళ్లు కొందరు ఇప్పుడు కాలేజీలోనే మిగులుతున్నారు. పిచ్చరు పాల్ స్కీన్స్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ వదిలి లూసియానా స్టేట్‌కి వచ్చిన మరుసటి ఏడాదే, 2023లో, ఆ జట్టు ఒమాహాలో కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది. అలాంటివాడు తలుపు తట్టగలిగిన కాలంలో, ఇంకా ఎదుగుతున్న పదిహేడేళ్ల పిచ్చరు కోసం రెండేళ్లు ఓపిక పట్టమంటే కోచ్ ఉద్యోగం ఒప్పుకోదు.

అందుకే టీక నోటిమాట దగ్గరా ఆగాలి. కోచ్ ‘ఆఫర్’ అన్నాడు, కుర్రాడు ‘కమిట్’ అన్నాడు, జట్టు టోపీ పెట్టుకున్న ఫొటో బంధువులందరికీ చేరింది. ఆ మాట ఇద్దరిలో ఎవరినీ కట్టిపడేయదు. 1964 నుంచీ నడిచిన నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అనే కట్టుబాటు పత్రాన్ని 2024 అక్టోబరులో ఎత్తేశారు. ఇప్పుడు సంతకం పడేది ఆర్థిక సహాయ ఒప్పందం మీద, అదీ పన్నెండో తరగతి నవంబరులో. ఆగస్టు నుంచి మరుసటి ఏడు నవంబరు దాకా ఏడాది పైచిలుకు కాలంలో కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోవచ్చు, కుర్రాడి భుజం నొప్పి పెట్టవచ్చు, పోర్టల్లోంచి ఒకడు ఊడిపడవచ్చు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తల్లిదండ్రులకు ఇది మరీ కొరుకుడుపడదు. ఎంసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంటు అనే వరసలో పెరిగినవారు, ఇక్కడ కూడా ఎక్కడో ఒక ర్యాంకు ఉందనీ, ఈ లేఖ దాని తాలూకు కాల్ లెటరనీ అనుకుంటారు. బంతి వేగమూ అరవై గజాల పరుగూ అంకెల్లోనే కొలుస్తారు గాని, ఏ అంకెకి ఏ సీటో ఎవరూ అచ్చువేయరు.

ఇంకో ఆక్షేపణ న్యాయమైనదే. క్యాంపుల్లో దొరికిన ఆటగాళ్లు లేరా? ఉన్నారు. ముఖ్యంగా డివిజన్-3లో. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, దేశమంతా తిరిగి చూసే స్తోమత చాలామంది కోచ్‌లకు ఉండదు, కాబట్టి మార్కులు బాగున్న కుర్రాణ్ణి తమ మైదానంలోనే చూసుకోవడం వారికి నిజమైన అవసరం. అబ్బాయి తనంతట తాను చదవాలనుకుంటున్న కాలేజీ అయితే, అతని పేరు ఎరిగిన కోచ్ ఆ రోజు అక్కడ ఉంటే, ఆ రుసుము దండగ కాదు. మిగతావాటిని కోరుకున్నవారు సరదా ఖర్చు కింద రాసుకోవచ్చు. “ఇంత విప్పి చెబితే పిల్లవాడి ఆశ చచ్చిపోదా?” అనే ఆక్షేపణకు మాత్రం నేను లొంగను. ఆటలో ఏడుసార్లు విఫలమై మూడుసార్లు కొట్టినవాణ్ణి గొప్ప బ్యాటరంటారని ఆ కుర్రాడికి పన్నెండో ఏటే తెలుసు. ఈ లేఖ చదివి నిద్రపట్టనిది వాడికి కాదు.

తాత్పర్యం కన్నా మనవి మేలు. ఈ లేఖకు జవాబు మీరు రాయకండి, అబ్బాయి చేత రాయించండి. కోచ్‌లకూ అదే ఇష్టం. జవాబులో మూడు ప్రశ్నలు చాలు: నా ఆట మీలో ఎవరు ఎక్కడ చూశారు? నేను చేరే ఏడాదికి నా స్థానంలో ఎందరిని తీసుకుంటున్నారు? వారిలో నన్నెక్కడ ఉంచారు? వీటికి సమాధానం వస్తే క్యాంపుకు ప్రయాణం కట్టండి. సమాధానానికి బదులు ఇంకో క్యాంపు కరపత్రం వస్తే డబ్బు దాచుకోండి.