కేశ శాంతిభద్రతలు

ఆ సర్క్యులర్ ఈ వారం అందరి ఫోన్లలోకీ వచ్చి పడింది. కాబట్టి ఆ కాలేజీ పేరు నేను మళ్ళీ రాయక్కర్లేదు. పైగా మా మేనకోడలు అక్కడే ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, ఆఖరి టర్ము హాస్టల్ ఫీజు మా అన్నయ్య ఇంకా కట్టలేదు. అందుకని కూడా రాయను.

సంగతి మీకు తెలిసిందే. గర్ల్స్ హాస్టల్లో బాబ్ కటింగ్ బంద్. ఇదివరకే కొట్టించుకున్నవాళ్ళు వెయ్యి రూపాయల జరిమానా కట్టి, పదిహేను రోజుల్లోగా రెండు జడలు వేసుకునే స్థితికి రావాలి. తలవెంట్రుక నెలకి అరంగుళం పెరుగుతుంది, కాస్త అటూ ఇటూ. ర్యాంకు వచ్చిన పిల్లకైనా అంతే, రాని పిల్లకైనా అంతే. పదిహేను రోజులకి పావంగుళం. పావంగుళంతో రెండు జడలు, వాటికి రిబ్బన్లు! రెండేళ్ళ సిలబస్‌ని ఎనిమిది నెలల్లో లాగించేసే సంస్థ గనక, పిల్లలు ఇదీ సాధిస్తారని ధీమా కాబోలు.

ఉత్తర్వు సరే, దానికి చెప్పిన కారణం చూడండి. ఎదురు వీధిలో కొత్తగా తెరిచిన పార్లర్ వాళ్ళు పేపర్లో పెట్టి ఓ కరపత్రం పంచారు. టెక్స్చర్డ్ బాబ్ చేయించుకోండి, మీ జుట్టుకి వాల్యూమ్ పెరుగుతుంది, మూవ్‌మెంట్ వస్తుంది అని అందులో ఉంది. కరస్పాండెంట్ గారు పేరెంట్స్ మీటింగులో ఆ కాగితం ఎత్తి చూపించి, వాల్యూమూ మూవ్‌మెంటూ తన ప్రాంగణంలో సాగవని తేల్చి చెప్పారు. వాల్యూమ్ పెరిగితే ఏమవుతుందో పోయినేడు మెస్సులో పప్పుచారు గురించి పిల్లలు గొంతెత్తినప్పుడు చూశారట. మూవ్‌మెంట్ సంగతి ఆయన చదువుకునే రోజుల నించే ఎరుగుదురట. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. మా అన్నయ్యా కొట్టాడు. ఫీజు బాకీ ఉన్నవాడు ఇంకేం చేస్తాడు?

ఆయనకి ఇంగ్లీషు రాదని లోకమంతా నవ్వుతోంది. నేను నవ్వను. ఆ కరపత్రాన్ని సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి ఈ రెండు రాష్ట్రాల్లో ఆయనొక్కడే.

మా వీధి చివర పార్లర్లో ఇరవయ్యేళ్ళుగా కత్తెర పట్టిన ఆవిడని అడిగి కనుక్కున్నాను. మామూలు బాబ్‌ని ఒకే గీత మీద కోస్తారు. కొసలన్నీ ఒక్కచోట కూడతాయి, బరువంతా కిందికి దిగుతుంది, పైన మాడు చప్పగా పడుకుంటుంది. టెక్స్చర్డ్ బాబ్‌కి కత్తెరని నిలువుగా పట్టి కొసల్లోకి చిన్న చిన్న గాట్లు పెడతారు. లోపలి పొరల్ని పైపొర కంటే కాస్త పొట్టిగా తీస్తారు. ఆ పొట్టి వెంట్రుకలు కింద ఆసరాగా నిలబడి పొడుగు వెంట్రుకల్ని పైకెత్తుతాయి. బరువు తగ్గేసరికి కుదుళ్ళు లేస్తాయి. అదీ వాల్యూమ్. కొసలన్నీ ఒకే పొడుగులో ఉండవు గనక, తల తిప్పినప్పుడు జుట్టంతా అట్టముక్కలా తిరక్కుండా దేనికది ఊగుతుంది. అదీ మూవ్‌మెంట్. పల్చటి జుట్టుకి గాట్లు ఎక్కువ పెడితే మాత్రం చీపురుకట్ట అవుతుందని కూడా ఆవిడ హెచ్చరించింది. నా జుట్టు వైపు చూస్తూనే.

ఆవిడ చెప్పింది ఫిజిక్సు. కరస్పాండెంట్ గారికి సివిక్స్ వినిపించింది. బరువు దింపితే కుదుళ్ళు లేచి నిలబడతాయా? లోపలున్న పొట్టివాళ్ళు పైనున్నవాళ్ళని ఎత్తుతారా? అందరినీ ఒకే గీత మీద కొయ్యకపోతే ఎవరికి వాళ్ళు కదులుతారా? హాస్టల్ నడిపే మనిషి ఇది విని రాత్రి ఎలా నిద్రపోతాడు చెప్పండి.

ఆయన భయానికి పెద్దల సాక్ష్యం కూడా ఉంది. జపాన్‌లో 1871లో మగవాళ్ళు సిగలు తీసేసుకోవచ్చని ఉత్తర్వు వేశారు. ఆహా, అయితే మేమూ అని ఆడవాళ్ళు కత్తెర అందుకునేసరికి, మరుసటి ఏడే వాళ్ళకి పొట్టి జుట్టు కూడదని ఇంకో ఉత్తర్వు. అమెరికాలో ఫిట్జ్‌జెరాల్డ్ 1920లో ఓ అమ్మాయి బాబ్ కొట్టించుకోవడం మీదే కథ రాశాడు. ఆ ఒక్క కత్తెరతో పాపం ఆ పిల్ల పరువంతా పోతుంది. లండన్‌లో విడాల్ ససూన్ 1963లో నటి నాన్సీ క్వాన్ పొడుగు జుట్టుని బాబ్ చేశాడు. తలంటుకుని ఓసారి విదిలించుకుని పనికి పోయేలా ఉండాలి జుట్టు అనేది ఆయన సిద్ధాంతం. ఆడది పొద్దున్నే విదిలించుకుని పనికి పోతే కొంపలు ఏమవుతాయో ఆయనకేం పట్టింది? ఇక చైనాలో 1927లో కమ్యూనిస్టుల ఏరివేత సాగినప్పుడు బాబ్ జుట్టున్న అమ్మాయిల్ని ఆ జుట్టే రుజువుగా పట్టుకున్నారు. చంపారు కూడా. మన కరస్పాండెంట్ గారు వెయ్యి రూపాయలతో సరిపెట్టారు. దయామయుడు.

అయితే ఒట్టి నిషేధంతో పని జరగదు. కాలేజీకో కేశ శాంతిభద్రతల విభాగం పెట్టాలని నా మనవి. అతిశయోక్తి అనుకోకండి. ఒక్క తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అంటే ప్రతి అమ్మాయీ రోజూ లక్షమందితో బహిరంగ సభ పెట్టుకుని క్లాసుకి వస్తోంది, ఏ పోలీసు అనుమతీ లేకుండా! మన నాయకులు వేదికలెక్కి సవాలు విసిరేటప్పుడు పీకమని చూపించేది వెంట్రుకనే. ఊరికే చూపిస్తారా? దాని బలం వాళ్ళకి తెలుసు.

కాబట్టి మొదట తలమీద 144 సెక్షన్ పెట్టాలి. 2024 జులై నించి అది కొత్త సంహితలో 163 అయింది, మనకి మాత్రం చచ్చేదాకా అది 144. ఐదు వెంట్రుకలు, అంతకు మించి, ఒకచోట గుమిగూడరాదు. ఫ్యాను కింద కూచోరాదు. గాలి అంటే బయటి శక్తుల ప్రోద్బలం. ధర్నాకి ముందు రాత్రే నాయకుల్ని గృహనిర్బంధం చేస్తారే, అలా పొద్దున్న ఆరింటికల్లా చెవుల పక్కన ఎగిరే వెంట్రుకలకి సైడుపిన్నులతో ముందస్తు అరెస్టు. పాత నేరస్తులకి రబ్బరు బ్యాండుతో బైండోవర్. అయినా మాట వినకపోతే కొబ్బరినూనె. బాష్పవాయువు కంటే చవక, శబ్దం లేదు, మానవ హక్కుల వాళ్ళు రారు. ఓ గరిటెడు పోస్తే ఎంత తిరగబడ్డ వెంట్రుకైనా మాడుకి అతుక్కుని జీ హుజూర్ అంటుంది.

ఇక జడ. దీన్ని కనిపెట్టిన పాలకుడెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. మూడు పాయల్ని తీసుకుని, ఒకదాన్ని ఇంకొకటి కదలనివ్వకుండా కాపలా పెట్టడమే జడ. జీతం లేని కాపలా. అందులోనూ రెండు జడలంటే, నట్టనడుమ పాపిడి గీసి ఒక తలని రెండు జిల్లాలు చెయ్యడం. ఎడమ జడలో ఏం జరుగుతోందో కుడి జడకి తెలియదు. చివర రిబ్బను కట్టి మడిచి పైకి ముడేస్తారు, అది కలెక్టరాఫీసు సీలు. రోజుకి యాభై నించి వంద వెంట్రుకలు రాలడం మామూలే అంటారు డాక్టర్లు. వాటిని రాజీనామాలుగా కాక బహిష్కరణలుగా రిజిస్టర్లో ఎక్కించాలి. పేల జోలికి మాత్రం పోకూడదు. అంత లోపలి సమాచారం పట్టుకొచ్చే ఇన్‌ఫార్మర్లు మళ్ళీ దొరకరు.

ఈ పాలనకి నమూనా ఎక్కడో వెతకనక్కర్లేదు. కరస్పాండెంట్ గారి తలే ఉంది. ఈ చెవి నించి ఆ చెవి దాకా తొమ్మిది వెంట్రుకలు, వరసలో, ఒకే దిశలో. వాల్యూమ్ లేదు. మూవ్‌మెంట్ లేదు. ఏసీ గాలికి కూడా చలించవు. రామరాజ్యం.

ఇదంతా రాసి, కాలమ్ పంపించబోయే ముందు, ఆదివారం పొద్దున్న మా మేనకోడలి ఫోను వచ్చింది. వారానికి పది నిమిషాలు, వార్డెన్ ఫోనులోంచి, వార్డెన్ పక్కనుండగా. బాబ్ కొట్టించుకున్నవాళ్ళలో అదీ ఉంది. ఏ హీరోయిన్ని చూసి కొట్టించుకున్నావే అని అడిగాను. సరదాగానే.

“నీళ్ళు అత్తా” అంది.

వాళ్ళ అంతస్తులో నలభై మంది పిల్లలు, నాలుగు బాత్‌రూములు. కొళాయి అయిదింటికి వస్తుంది, అయిదూ ముప్పావుకి ఆగిపోతుంది. ఆరింటికి స్టడీ అవర్. మనిషికి ఒక బకెట్. దాని జుట్టు నడుం దాటి ఉండేది. వాళ్ళ నానమ్మ, అంటే మా అమ్మ, కుంకుడుకాయలు కొట్టి, రెండు గంగాళాల నీళ్ళు కాచి తలంటిన జుట్టు. ఒక బకెట్లో ఒళ్ళు తడపాలా, నురగ వదిలించాలా? సగం నురగతోనే తుడుచుకుని, తడి జుట్టు అలాగే జడలేసుకుని, రాత్రి దాకా క్లాసులు. ముక్క వాసన. పేలు. నెలసరి రోజుల్లో ఇంకా అడక్కు అంది. దసరా సెలవులు అయిపోయి తిరిగి వెళ్తూ వెళ్తూ పార్లర్‌కి పోయి కొట్టించేసుకుంది. టెక్స్చరూ గిక్చరూ ఆ పార్లరమ్మాయి ముచ్చట పడి పెట్టిందట. దీనికి కావలసిందల్లా ఒక్క బకెట్‌తో తెమిలిపోయే తల.

మా అన్నయ్య చేత మళ్ళీ ఆ సర్క్యులర్ తెప్పించి మొదటి నించీ చదివాను. రెండు పేజీలు. జడ పొడుగు ఉంది, రిబ్బను రంగు ఉంది, పిన్నులు ఎన్ని పెట్టుకోవాలో ఉంది. కొళాయి అన్న మాట ఎక్కడా లేదు.

నీళ్ళు లేకపోతే ఇంకోచోట ఏమైందో మీకు గుర్తుందో లేదో. 2024 నవంబరులో, అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, అసెంబ్లీకి వేళకి రాలేదని పిల్లల జుట్టు కత్తిరించారు. 18 మంది అని పేపర్లలో వచ్చింది. స్నానాలకి నీళ్ళు లేక ఆలస్యమైందని పిల్లలు చెప్పారని కూడా వచ్చింది. ఏజెన్సీలో, ఇల్లు వదిలి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు వాళ్ళు. ఆ కత్తెర నిలువుగా పట్టారా అడ్డంగా పట్టారా, ఏ పొర పొట్టిగా వచ్చిందో ఏ పొర పొడుగ్గా వచ్చిందో ఎవరూ కరపత్రం వెయ్యలేదు. హైదరాబాద్‌లో అలా వంకరటింకరగా కత్తిరించడానికి డబ్బులిచ్చి అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. అక్కడ చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు.

ఇక్కడ పెంచలేదని జరిమానా, అక్కడ పెంచుకున్న దాన్ని తెగ్గొయ్యడం. రెండుచోట్లా ఎండిపోయింది కొళాయే కదయ్యా! మోటారు బాగుచేయించడం రాదు, ట్యాంకు కడిగించడం రాదు, నలభై మందికి నాలుగు బాత్‌రూములు చాలవని లెక్క కట్టడం రాదు, ఎంట్రన్సుకి మాత్రం లెక్కలు నేర్పుతారు. పిల్ల తల చేతికి అందేంత ఎత్తులో ఉంది గనక దానిమీద చట్టం చేస్తారు. ఆ తల మీద పెత్తనం చెయ్యడానికి సిగ్గు లేదూ?

ఈ సంగతి పేపర్లో రాస్తానే అన్నాను దాంతో. అవతల కాసేపు మాట లేదు. వార్డెన్ పక్కనే ఉంది కదా. తర్వాత, “నాన్న ఫీజు కట్టేశాక రాయి అత్తా” అంది గొంతు తగ్గించి. కొండకి వెంట్రుక కట్టి లాగుతున్నాం, వస్తే కొండ అని నేనేదో పెద్దరికంగా అనబోయాను. పోతే పోయే వెంట్రుక దానిది, నాది కాదు. నోరు మూసుకున్నాను.

ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉండగానే అటు పక్క ఏదో బుసబుసమని చప్పుడు. “అత్తా, ఈ వేళప్పుడు నీళ్ళొస్తున్నాయి!” అంది, ఫోను ఎక్కడో పడేసింది. కట్ చెయ్యలేదు. ఇనప బకెట్లు ఈడుస్తున్న మోత వినిపించింది, మెట్ల మీద దడదడమని పరుగులు, పైఅంతస్తు నించి కింది అంతస్తుకి పేర్లు పెట్టి కేకలు, ఎవరో పకపకా నవ్వడం. వాటన్నిటి మీదుగా వార్డెన్ అరుస్తోంది, నెమ్మది, నెమ్మది, చప్పుడు చెయ్యకండి అని.