'ప్రభువు చిత్తం' బాబాయి

ఆయన అసలు పేరు మా ఒంగోలు సంఘం రిజిస్టరులో ఉంటుంది. నోటిమీద మాత్రం అందరికీ 'ప్రభువు చిత్తం' బాబాయే. "ఎల్లుండి మీటింగుకి వస్తారా బాబాయ్?" అంటే "ప్రభువు చిత్తమైతే" అంటాడు. అంటూనే జేబులోంచి డైరీ తీసి చూస్తాడు. ప్రభువు చిత్తం అందులో మూడు నెలల ముందే రాసిపెట్టి ఉంటుంది.

"నాదేముంది నాయనా, ఒట్టి మంటి ఘటాన్ని" అన్నది ఊతపదం. చర్చి బీరువా, జనరేటరు గది, మైకుసెట్టు తాళాలన్నీ ఆ ఘటం నడుముకే వేలాడుతుంటాయి. మారుతాళాలు కూడా ఆయన దగ్గరే.

ఆయన ప్రార్థన దగ్గరుండి చూడాలి. కళ్ళు గట్టిగా మూసుకుని, "తండ్రీ, మా బలం చాలదు, మా తెలివి చాలదు" అని గొంతు వణికిస్తాడు. కుడిచెయ్యి ఆకాశంలోకి లేస్తుంది. ఎడమచెయ్యి మాత్రం నడుము దగ్గరే ఉండి మైకు కుర్రాడికి సైగలు చేస్తుంటుంది: పెంచు, ఇంకాస్త పెంచు, చాలు. వెనక వరసలో ఎవరైనా మెల్లగా లేచి చెప్పులు వెతుక్కుంటే ఒక వేలు అటు తిరుగుతుంది. మూసిన కళ్ళకి ఎలా తెలిసిందని అడక్కండి. కృప.

కిందటి క్రిస్మస్ విందుకి ఆరువందల మందికి వండాలని కమిటీ అంది. బాబాయి బైబిల్లోంచి గిద్యోనుని తెచ్చాడు. 32,000 మందిలో భయపడ్డ 22,000 మంది వెళ్ళిపోయారు, మిగతావాళ్ళని నీళ్ళ దగ్గర వడపోస్తే తేలింది 300. ఆ 300తోనే దేవుడు మిద్యానీయుల్ని తరిమాడు. "కనుక మూడువందల మందికి వండండి. తక్కింది ఆయన చూసుకుంటాడు." వంటమాస్టారు గరిటె పక్కనపెట్టి, "వాళ్ళంటే తిరిగి ఇళ్ళకి పోయారండీ. మనోళ్ళు పోతారా?" అన్నాడు.

బాబాయి బదులు చెప్పలేదు. ఆ సాయంత్రం ఒక్కడే వెళ్ళి సొంత డబ్బుతో ఇంకో నలభై కిలోల కోడిమాంసానికి అడ్వాన్సు కట్టొచ్చాడు. పండగనాడు గిన్నెల అడుగు కనపడలేదు. "చూశావా, ఎలా చూసుకున్నాడో!" అని నా భుజం తట్టాడు. పల్చటి తెల్లచొక్కా జేబులోంచి రసీదు కనిపిస్తూనే ఉంది.

ఊరు చూడటానికి ఎవరొచ్చినా ప్రార్థన కొండ ఎక్కిస్తాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర నలుగురైదుగురితో అక్కడ మోకరించిన సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకుంటాడు. అక్కణ్ణుంచి ఒక్క గంతులో 1878 జులై 3కి దూకుతాడు. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం! మధ్యలో 1876-78 మహాకరువు నాడు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని, తవ్వినవాళ్ళకి కూలి ఇచ్చి బతికించిన కథ దాటేస్తాడు. కాంట్రాక్టు మాట విశ్వాసానికి కాస్త తక్కువగా వినిపిస్తుందని కాబోలు. నన్నడిగితే బాబాయి నోటికి జ్యూయెట్, చేతికి క్లౌ. ఆయన ఒప్పుకోడు.

పోయిన వేసవిలో గాల్‌బ్లాడరులో రాళ్ళన్నారు. ఆదివారం ఆసుపత్రిలో చేరాడు, సోమవారం ఆపరేషను. "అంతా ఆయన చేతుల్లో పెట్టేశాను" అన్నాడు స్ట్రెచరు మీద. నర్సమ్మ దిండు కింద తడిమి తాళాలగుత్తి తీసి నా చేతిలో పెట్టింది. నాకు తెలిసి బాబాయి పూర్తిగా దేవుడి మీద ఆనుకున్నది ఆ గంటన్నరే. అదీ మత్తిచ్చాక.

సాయంత్రానికి పెదాలు కదిలాయి. స్తోత్రం చెబుతున్నాడనుకుని వంగాను.

"నిన్న కానుక ఎంతొచ్చింది?"

చెప్పాను.

"ఎవరు లెక్కపెట్టారు?"

"నేనూ, పాస్టరమ్మగారూ."

కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "రెండోసారి?"

నేను నీళ్ళు నములుతుండగా ఎడమచెయ్యి మెల్లగా దిండు కిందికి వెళ్ళింది.