జేబు దగ్గర గడి కలిసిందా?

మా రాయదుర్గంలో గళ్ళ చొక్కా వేసుకుని బజారుకు పోవాలంటే కాస్త గుండె ధైర్యం కావాలి. వేరే ఊళ్ళలో మనిషి ఎదురైతే ముఖం చూస్తారు, కొన్ని ఊళ్ళలో చెప్పులు చూస్తారు. ఇక్కడ కుట్టు చూస్తారు. చూడక ఏం చేస్తారు పాపం! ఏ వీధిలోకి పోయినా మిషన్ల మోతే. వానను నమ్ముకుని శెనక్కాయ వేసి, వాన మాట తప్పీ తప్పీ, చివరికి ఊళ్ళో చాలామంది జీన్స్ ప్యాంటును నమ్ముకున్నారు. జీన్స్‌కు పేరుమోసిన బళ్ళారి ఇక్కడికి 50 కిలోమీటర్ల చిల్లరే. ఒకరింట్లో జిప్పులు, ఒకరింట్లో కాజాలు, ఇంకొకరింట్లో వెనక జేబులు. అవ్వలు సైతం దారపు కొసలు కత్తిరిస్తూ సీరియల్ చూస్తారు. అందులో అల్లుడు విషం కలిపిన పాలు తాగబోతుంటే "అయ్యో" అనరు. "కాలరు ఒక పక్కకి లాగింది చూడప్పా" అంటారు.

ఇలాంటి ఊళ్ళో సాదా చొక్కా తప్పించుకుంటుంది. చారల చొక్కా కూడా ఎలాగోలా బయటపడుతుంది. గళ్ళ చొక్కాకు ఆ అదృష్టం లేదు. వేసుకున్నవాడి గురించి అది పెద్దగా ఏమీ చెప్పదు గానీ, కుట్టినవాడి గుట్టంతా విప్పి చెబుతుంది.

జీన్స్ కుట్టే చేతులకు గళ్ళంటే చిరాకు. డెనిమ్‌లో నిలువు పోగు నీలం, అడ్డపోగు తెలుపు. ఎక్కడ కోసినా అదే నీలం. దొంతరగా పరిచి కరెంటు కత్తితో కోసుకుంటూ పోవచ్చు. గళ్ళ గుడ్డను పరిచేటప్పుడే పై పొర గడి కింది పొర గడి మీద కూర్చోవాలి. తర్వాత ఎడమ ఎదకూ కుడి ఎదకూ కలవాలి, పక్క కుట్టు దగ్గర ముందుకూ వెనక్కూ కలవాలి, జేబు ఉందో లేదో తెలియకుండా చొక్కాలో కలిసిపోవాలి. పీసుకింత అని కూలి లెక్కగట్టేచోట ఇన్ని కలవడాలు ఎవరికి గిట్టుబాటు?

మా వీధి చివర ఒక మాస్టరు మాత్రం ఇంకా పట్టుదల మనిషి. గుడ్డ తీసుకుపోగానే విప్పి, తిరగేసి చూస్తాడు. వెనక వైపు రంగు వెలసినట్టుంటే "ఇది అచ్చు గడి సార్, నేత గడి కాదు" అని పక్కన పెట్టేస్తాడు. నేత గడి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. రంగు వేసిన నూలుతోనే నిలువూ అడ్డమూ నేస్తారు కాబట్టి గీత పోగు వెంటే నడుస్తుంది. అచ్చు గడికి ఆ కట్టుబాటు లేదు. అచ్చు కాస్త వంకరపడితే ఇక బ్రహ్మ కుట్టినా కలవదు. గళ్ళ చొక్కా కొనేవాళ్ళకు నేనిచ్చే మొదటి సలహా ఇదే, గుడ్డను తిరగేసి చూడండి.

గుడ్డ మంచిదే అయితే రెండో పేచీ మొదలవుతుంది.

"గడి పెద్దది సార్. ఇంకో పావు మీటరు కావాల."

"పోయినసారి ఇంతే తెచ్చినా గదా?"

"పోయినసారిది సాదా సార్. దానికి తలా లేదు, తోకా లేదు."

ఆయన జేబు పెట్టడం చూసి తీరాలి. కోసిన ముక్కను చొక్కా ఎద మీద పెట్టి, అటు ఒక పోగు ఇటు ఒక పోగు జరుపుతాడు. ఎర్ర గీత ఎర్ర గీత మీదికి రాగానే బొటనవేలి గోటితో అంచు గీరి మడత పెడతాడు. అంతటితో అయిపోలేదు. మిషన్ కింది పళ్ళు కింది గుడ్డను ముందుకు లాక్కుపోతాయి, పైనున్న పాదమేమో పై గుడ్డను వెనక్కి పట్టుకుంటుంది. పై మూలలో కలిసిన గడి కింది మూలకొచ్చేసరికి పక్కకు జారుకుంటుంది. అందుకని ఆయన ఎడమ చేత్తో కింది గుడ్డను బిగబట్టి, ఊపిరి కూడా బిగబట్టి, ఆగి ఆగి కుడతాడు. ఆ సమయంలో ఫోను మోగితే ఆయన భార్య ఎత్తుతుంది. "ఆయన జేబులో ఉండాడు, ఇంక కొంచేపాగి చేయండి" అంటుంది.

ఇంత ఓపిక లేనివాళ్ళకు ఒక దొడ్డిదారి ఉంది. జేబును ఏటవాలుగా, క్రాస్‌లో కోసేస్తారు. గళ్ళు మూల మీద నిలబడతాయి, కలపాల్సిన బాధ తప్పుతుంది. ఇదేమని అడిగితే "ఫ్యాషన్ సార్" అంటారు. అబద్ధమూ కాదు, పెద్ద పెద్ద కంపెనీల చొక్కాలకూ అలాంటి జేబులుంటాయి. కుదరని పనిని కావాలనే చేసినట్టు చూపించడంలోంచే లోకంలో సగం ఫ్యాషన్లు పుట్టాయని నా అనుమానం.

అమెరికాలో మద్రాసు గళ్ళకు పట్టిన యోగం అలాంటిదే. ఉతికితే రంగు దిగేది, ఎర్ర గడి పక్కింటి పసుపు గడిలోకి చొరబడేది. మనమైతే కొట్టు ముందు పంచాయితీ పెడతాం. 1960ల్లో అక్కడి వ్యాపారులు "రంగు దిగుతుందని గ్యారంటీ" అని ప్రకటనలిచ్చి మరీ అమ్మారు. కాలేజీ కుర్రాళ్ళు మోజుపడి కొన్నారు.

మన చీరాల మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు కూడా మద్రాసు పేరు తగిలించుకునే పడమటి ఆఫ్రికాకు ఓడెక్కాయి. నైజీరియాలో కలబారి అనే జాతి ఆడవాళ్ళు ఆ మద్రాసు గళ్ళను కొని, బ్లేడు పట్టుకుని కొన్ని పోగులను ఎంచి ఎంచి కోసి లాగేస్తారు. పాత గళ్ళలోంచి కొత్త నమూనా తేలుతుంది. ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి అతుక్కునే చీరాల నేతగాడు ఆ వేడుక చూసి ఉంటే ఏమనేవాడో!

గళ్ళను గవర్నమెంటు పట్టించుకున్న దేశమూ ఉంది. స్కాట్లాండు తిరుగుబాటు అణిగాక, అక్కడి కొండవాసుల గళ్ళ బట్టలను లండన్ 1746లో చట్టం చేసి నిషేధించింది. 1782 దాకా ఆ చట్టం నడిచింది. చిత్రమేమిటంటే, 1822లో రాజు నాలుగో జార్జి ఎడింబరో పోయినప్పుడు తానే ఆ గళ్ళ వేషం కట్టాడు. రాజుగారిది భారీ కాయం. వ్యంగ్య చిత్రకారులకు పండగే పండగ.

భారీ కాయం అంటే గుర్తొచ్చింది. పొట్ట ఉన్నవాళ్ళు పెద్ద గళ్ళు వేసుకోరాదని పత్రికల్లో రాస్తారు. అది మాత్రం నిజం. బొత్తాల పట్టీ దగ్గర ఎంత బాగా కలిపి కుట్టినా, భోజనం అయ్యాక మా బావమరిది చొక్కా గళ్ళు గ్లోబు మీది అక్షాంశ రేఖాంశాల్లా వంపు తిరుగుతాయి. భూమధ్యరేఖ సరిగ్గా ఎక్కడ పోతుందో బెల్టు చూసి చెప్పొచ్చు. అలాంటివాళ్ళకు చిన్న గడి మేలు, దూరానికి సాదాగా కనబడుతుంది. కింద సాదా ప్యాంటు వేయండి. మా ఊరి జీన్స్ అయితే మరీ మంచిది, నాలుగిళ్ళకు పనీ దొరుకుతుంది. గడి మీద గడి తప్పదనుకుంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉండాలి. రెండూ ఒకే కొలతలో ఉంటే చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి.

ఈ నియమాలేవీ వర్తించనిది లుంగీ ఒక్కటే. ఉన్నదే ఒక్క కుట్టు, అదీ మడతల్లో దాగిపోతుంది. పొట్ట పెరిగితే ముడి జరుగుతుంది, అంతే. కొన్ని రకాల బట్టలను మరమగ్గాలు ముట్టకూడదని 1985లో చేసిన చట్టం కింద చీర, ధోవతి సరసన లుంగీకి కూడా చోటు దక్కింది. సాయంత్రం అరుగు మీద గళ్ళ లుంగీతో కూర్చున్న మనిషికి వెనక అంత పెద్ద చట్టం నిలబడి ఉందని చూస్తే ఎవరూ అనుకోరు.

మొన్న మా బంధువులింట్లో పెళ్ళిచూపులు జరిగాయి. అబ్బాయి బెంగుళూరు నుంచి ముదురు పచ్చ గళ్ళ చొక్కాలో వచ్చాడు. అమ్మాయికి మిషన్ పని బాగా తెలుసు. కాఫీ ఇస్తూ ఒకసారి జేబు చూసింది, కప్పు తీసుకుంటూ ఒకసారి పక్క కుట్టు చూసింది. లోపలికి పోగానే వాళ్ళమ్మ ఆత్రంగా అడిగింది, అబ్బాయి నచ్చినాడా అని.

"అబ్బాయి సంగతి తర్వాత చూస్తాం లేమ్మా. ఆ చొక్కా కుట్టిండే మాస్టరు ఏ ఊర్లో ఉంటాడో ముందు కనుక్కోండి."