సహానుభూతికి మైనస్ మార్కులుండవు

నీట్ ఫలితాలొచ్చిన మర్నాడు ఏ పేపరైనా తిరగేయండి. నోట్లో లడ్డూ కుక్కుతున్న అమ్మానాన్నల మధ్య నిలబడి టాపర్ చెప్పేది ఒకటే: "కార్డియాలజిస్టునై పేదలకు సేవ చేస్తా." జుట్టు నాటే క్లినిక్ పెడతానన్న టాపర్ ఇంతవరకు నా కంటబడలేదు. తీరా పీజీ కౌన్సెలింగ్‌లో ముందు ఎగిరిపోయేవి రేడియాలజీ, డెర్మటాలజీ సీట్లు. పేదలకు మాత్రం మొటిమలు రావా అంటే, వస్తాయి, కాదనను.

పిల్లల్ని అని ఏం లాభం? ఇంటరు, ఆపైన లాంగ్ టర్మ్, తెల్లారకముందే స్టడీ అవర్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబు పెడితే ఒకటి కోత. పక్క మంచం వాడికి జ్వరమొస్తే పోటీ ఒకటి తగ్గిందనుకునే హాస్టల్ నుంచి పిల్లాడు నేరుగా వార్డుకొస్తాడు. బీ కేటగిరీ సీటు కోసం పొలం అమ్మిన నాన్నకేమో సేవ ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో తేలాలి.

అందుకే 2019 నుంచి వైఖరి, నైతికత, సంభాషణ అంటూ 'ఏట్‌కామ్' పాఠాలు ఎంబీబీఎస్ సిలబస్‌లో చేర్చారు. అమెరికాలోనైతే కొలబద్దే ఉంది. జెఫర్సన్ స్కేలులో 20 వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు, మొత్తం 140. మనవాళ్లకిస్తే 140కి 140 కొట్టేస్తారు. మర్నాడు ఫుల్ పేజీ యాడ్: 'సహానుభూతిలో మళ్లీ మేమే'. ఆ స్కేలు తయారుచేసినవాళ్లే 2009లో తేల్చారు, అక్కడి విద్యార్థుల్లో సహానుభూతి మూడో ఏట పడిపోతోందని. అంటే వార్డుల్లో రోగుల మధ్యకు దిగిన ఏడాదే. రోగుల బెడద లేకపోతే దానికి ఢోకా లేదన్నమాట.

మన దగ్గర 2021-22 బ్యాచ్ నుంచి కుటుంబ దత్తత కూడా మొదలైంది. ఫస్టియర్ పిల్లాడు పల్లెకెళ్లి కొన్ని కుటుంబాల్ని దత్తత తీసుకోవాలి. అరుగు మీద కూర్చున్న అవ్వ చేతికి బీపీ పట్టీ చుట్టాడు. అవ్వ వాడి మొహంలోకి చూసి, "చిక్కిపోయావేం నాయనా, హాస్టల్ తిండి పడట్లేదా?" అని గ్లాసెడు మజ్జిగిచ్చింది. గటగటా తాగి రాసుకున్నాడు: 'బీపీ 150/90. ఉప్పు తగ్గించమని కౌన్సెలింగ్ ఇవ్వడమైనది.' సంతకానికి సార్, ఫొటోకి క్లాస్‌మేటు, అన్నీ అయ్యాయి.

"మళ్లీ ఎప్పుడొస్తావయ్యా?" అంది అవ్వ.

లాగ్‌బుక్ తిరగేసి తేదీ చెప్పాడు.